క్రిస్మస్ బజారుకి నడిచి రండి, ఒంగోలు ట్రంకు రోడ్డు మీకోసమే ఉంది

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మా చుట్టాల ఇళ్ళల్లో ఒకటే మాట. "ఒంగోల్లో ఏముందిలే, విజయవాడ పోయి తెచ్చుకుందాం." ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఆ మాట కూడా అనరు, ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తారు. బట్టలు, స్టార్లు, చివరికి కేకు కూడా ఫోన్లోనే. ఈ ధోరణి చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. ఎందుకో వివరంగా రాస్తాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ ఊరి సంగతి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు జ్యూవెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఇవాళ మనం ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. 1866లో అదే మిషన్ తరఫున జాన్ క్లౌ వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. 1876-78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వాళ్ళకి కూలి పని చూపించాడు. ఆ కరువు వెనకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు.

ఇదంతా బజారు సంగతిలోకి ఎందుకు తెచ్చానంటే, ఆ మనుషుల మునిమనవళ్ళూ మునిమనవరాళ్ళూ డిసెంబరులో మద్దిపాడు నుంచి, సంతనూతలపాడు నుంచి, టంగుటూరు నుంచి, కొండపి నుంచి బస్సెక్కి ఒంగోలు వస్తారు. ట్రంకు రోడ్డులో బట్టల కొట్టు మెట్లెక్కి, చెప్పులు విడిచి, పరుపు మీద కూర్చుంటారు. కొట్టతను చీర మీద చీర పరుస్తాడు. "ఇది కాదన్నా, ఇంకోటి తీయండి" అంటారు. అతను తీస్తాడు.

మా నాయనమ్మ చెప్పేది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊరి పక్క సంతలో, కొట్టు గుమ్మం అవతల నిలబడి బట్ట కొనేవాళ్ళట. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ముట్టుకుని చూడనిచ్చేవాళ్ళు కాదు. దూరం నుంచి రంగు చెప్తే బట్ట విసిరేవాళ్ళు, డబ్బులు కింద పెట్టమనేవాళ్ళు. అందుకే క్రిస్మస్‌కి కొట్టుకెళ్ళినప్పుడల్లా ఆమె కావాలనే చాలాసేపు కూర్చునేది. చీర కొంగు విప్పి, అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురులోకి పట్టుకుని చూసేది. మా అమ్మ తొందరపెడితే, "ఉండవే, చూడనీ" అనేది. చివరికి తీసుకునేది ఎప్పుడూ సన్నంచు తెల్ల చీరే. ఆ చీర కోసం అంతసేపు ఎందుకు కూర్చునేదో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

ఫోన్లో ఆర్డర్ పెట్టేవాళ్ళకి నేను చెప్పదలచుకున్నది ఇదే. మన పెద్దవాళ్ళకి ఈ బజారులో నడిచే హక్కు ఊరికే రాలేదు. ఊరి నడిబొడ్డున, అందరి కళ్ళముందు, కుటుంబం మొత్తంగా కొట్టుకెళ్ళి, నచ్చింది అడిగి చూసి కొనుక్కోవడం మన పండగలో సగం. దాన్ని అట్టపెట్టెలో పెట్టి గుమ్మం దగ్గర పడేయించుకోవడం నాకు మనసుకి పట్టదు.

సరే, బజారులోకి రండి.

చర్చి సెంటర్ దగ్గర మొదలుపెడితే ముందు కనపడేవి స్టార్లు. తాళ్ళకి వేలాడదీసి, లోపల బల్బులు వేసి, సాయంత్రం అయిదున్నరకల్లా రోడ్డంతా ఎరుపూ పసుపూ చేస్తారు. మడత విప్పితే అయిదు మూలలూ నిలబడే కాయితం స్టార్లు ఉంటాయి. ఎల్ఈడీ దండలు చుట్టిన ప్లాస్టిక్‌వి ఉంటాయి. వెదురు దబ్బలు కట్టి రంగు కాయితం అంటించిన పాతకాలం స్టార్లు తగ్గిపోయాయి గానీ, వెతికితే ఇంకా దొరుకుతాయి. మా ఎదురింటివాళ్ళు ఏదో యాప్‌లో తెప్పించుకున్న స్టార్ మూడు మూలల దగ్గర చిరిగి వచ్చింది. వాపసు తీసుకుంటాం అన్నారు గానీ, ఆ తీసుకుపోయే మనిషి పండగ అయిపోయాక వచ్చాడు. ఇక్కడ పేవ్‌మెంటు మీద అమ్మేవాళ్ళు మన ముందే విప్పి, బల్బు పెట్టి వెలిగించి చూపిస్తారు. హోల్డరు వదులుగా ఉంటే ఇంకోటి మారుస్తారు. అవసరమైతే వైరు కూడా పెంచి కట్టిస్తారు.

చెట్టు విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. ప్లాస్టిక్ ట్రీ కొనకండి. మనకి కొత్తపట్నం వైపు సముద్రం పొడుగునా సరుగుడు తోటలున్నాయి. సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసక నింపిన బకెట్లో నిలబెట్టి, రంగు కాయితాలూ దూదీ వేస్తే ఇంట్లోకి ఆ పచ్చివాసన వస్తుంది. మా చిన్నప్పటి క్రిస్మస్ వాసన అదే. కొమ్మ ఎండి గోధుమరంగుకి తిరిగేలోపు జనవరి వచ్చేస్తుంది, ఆ తర్వాత పొయ్యిలోకి పనికొస్తుంది. ప్లాస్టిక్ ట్రీ అటక మీద దుమ్ము పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

తర్వాత పాత్రల కొట్లు. పిండివంటలు చేసేవాళ్ళు తప్పక వెళ్ళాల్సిన చోటు. గులాబీల అచ్చులు ఇక్కడ గుత్తులుగా వేలాడుతుంటాయి, ఇత్తడివీ అల్యూమినియంవీ. బరువున్నది తీసుకోండి, వేడి నిలుస్తుంది. కొత్త అచ్చు తెచ్చిన రోజే పిండిలో ముంచితే పువ్వు వదలదు, ఒక రాత్రి నూనెలో నానాలి. ఈ మాట నాకు చెప్పింది కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన. "అమ్మా, కాగే నూనెలో అచ్చు బాగా కాలాలి, అప్పుడు పిండిలో ముప్పాతిక వంతే ముంచు. పైదాకా మునిగిందా, ఇక ఊడిరాదు" అన్నాడు. ఆయన బొట్టు పెట్టుకునే కోమటాయన. గులాబీలు చేయడం గురించి మా చర్చిలో సగం మంది ఆడవాళ్ళ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు, ఎందుకంటే తరతరాలుగా మాకు అచ్చులు అమ్ముతున్నది వాళ్ళే. ఏ యాప్ ఈ మాట చెప్తుంది?

బియ్యప్పిండి, కాస్త మైదా, గుడ్డు, పంచదార, కొబ్బరిపాలు. గులాబీలకి ఇంతే. వాటితో పాటు అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు. ఇవి లేని క్రిస్మస్ ప్రకాశం జిల్లాలో ఉండదు. సంక్రాంతికి చేసే వంటలే ఇవీ. బెల్లం అదే కొట్లో, నువ్వులు అదే కొట్లో. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది, ముగ్గుపిండి బళ్ళు కూడా దిగుతాయి. స్టార్లమ్మే బండి పక్కనే ముగ్గు రంగుల బండి నిలబడుతుంది, రెండింటి దగ్గరా ఆడవాళ్ళే. మా వీధిలో తెల్లారుజామున ముగ్గులేసే అమ్మాయిలు, మా ఇంటి స్టార్ ఇంకా వెలుగుతుంటే ఆ వెలుతుర్లోనే చుక్కలు పెట్టుకుంటారు. ఈ కలగలుపు నాకు చాలా ఇష్టం. ఇది బజారులోనే కనపడుతుంది, ఇళ్ళల్లో కూర్చుంటే కనపడదు.

ఇక తినేవి. ప్లమ్ కేకు మీద జనానికి మోజు పెరిగింది, సంతోషం. మా బాప్టిస్టు ఇళ్ళల్లో రమ్ము ముట్టరు కాబట్టి ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ అన్నీ నారింజ రసంలో నానబెడతాం. రుచికేం తక్కువ కాదు. కొనుక్కునేవాళ్ళకి ఒక సలహా. పైన తెల్లగా, ఎత్తుగా క్రీము పూసిన కేకుల జోలికి పోకండి, అందులో చాలావాటికి వాడేది వనస్పతే, నాలిక మీద మైనంలా అతుక్కుంటుంది. చిన్న బేకరీల్లో పొద్దున తీసిన మామూలు కేకు, అడుగున కాయితం అంటుకున్నది, దాని ముందు ఆ క్రీముకేకు నిలవదు. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకులూ బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పెద్ద పెద్ద బేకరీల్లో బిల్లు అడిగి చూసుకోండి.

అయినా ఒంగోలువాళ్ళకి కేకు ఒక్కటే ఎందుకండీ? ఈ ఊరికి అల్లూరయ్య మైసూరుపాక్ ఉంది. నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు, నెయ్యి వదులుతూ కరిగిపోతుంది. హైదరాబాదు చుట్టాలు ఒంగోలు మీదుగా పోతుంటే ఫోన్ చేసి మరీ తెప్పించుకుంటారు. మనమేమో వాళ్ళ ఊరి నుంచి కేకు ఆర్డర్ పెడతాం! క్రిస్మస్ రోజు ఇరుగుపొరుగుకి పంచే పళ్ళెంలో నేను గులాబీలు, అరిసె, కేకు ముక్క, దాని పక్కన మైసూరుపాక్ పెడతాను. ఆ పళ్ళెం చూస్తేనే ఏ ఊరి క్రిస్మసో తెలిసిపోవాలి.

నడిచి నడిచి కాళ్ళు లాగితే మిరపకాయ బజ్జీల బండి ఉండనే ఉంది. ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండిస్తారు. తర్వాత వేడివేడి బాదంపాలు. డిసెంబరు చలికి ఇంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. ఇంత ఉన్న బజారులో నడవడానికి చోటు లేదు. పేవ్‌మెంటు ఉన్నచోట బైకులు పెడతారు. బైకులు లేనిచోట కొట్లవాళ్ళ బొమ్మలూ బోర్డులూ. మిగిలిన అడుగు జాగాలో ఆటోలు దూరతాయి. పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో సంచులు పట్టుకుని, వెనక హారన్ మోత వింటూ నడిచే తల్లికి పండగ సరదా ఎక్కణ్ణుంచి వస్తుంది, టెన్షన్ తప్ప? జనం యాప్‌ల వైపు పోవడానికి సగం కారణం ఇదే, అది నేనూ ఒప్పుకుంటాను.

దీనికి ప్రతిసారీ జరిగే పరిష్కారం ఏంటంటే, స్టార్లమ్మే చిన్నవాళ్ళని లేపేయడం. రోడ్డుకి అడ్డమని బండి తీయమంటారు. కారు అడ్డంగా పెట్టినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఈ స్టార్లమ్మేవాళ్ళు వడ్డీకి డబ్బు తెచ్చి సరుకు కొంటారు. వాళ్ళకున్నది మూడు వారాలు. డిసెంబరు 25 దాటితే ఆ సరుకు ఎవడూ ముట్టడు. దానికి తోడు మనది తుఫాన్ల తీరం. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, సరిగ్గా సీజను మొదలయ్యే రోజులు. కాయితం స్టారు ఒక్కసారి తడిస్తే ఇక అంతే. వానకి పోగా మిగిలింది మనుషుల చేతిలో పోగొట్టుకోవాలా వాళ్ళు?

మన జనానికీ ఒక మాట. ఏసీ షోరూంలో రేటు ట్యాగు చూసి నోరెత్తకుండా కార్డు గీకుతాం. బయటికొచ్చి స్టార్ల బండి దగ్గర పది రూపాయల కోసం పావుగంట బేరం చేస్తాం. ఇది అన్యాయం. వచ్చేవాళ్ళలో పల్లెల నుంచి కూలి డబ్బు దాచుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. పొగాకు వేలాలు ఇంకా మొదలవని కాలం, చేతిలో పెద్దగా డబ్బాడదు. వాళ్ళు బేరం ఆడితే అర్థం ఉంది. నెల జీతగాళ్ళం మనకెందుకు?

కుట్టుమిషన్ల వాళ్ళని కూడా కాస్త దయగా చూడండి. డిసెంబరు 20న జాకెట్టు గుడ్డ పట్టుకెళ్ళి 24 సాయంత్రానికి కావాలని పోట్లాడితే వాళ్ళెక్కడ చస్తారు? అప్పటికే రాత్రిళ్ళు నిద్ర మాని కుడుతుంటారు. నవంబరు ఆఖర్లో ఇచ్చేయండి, పని కూడా శుభ్రంగా వస్తుంది.

ఊరి అధికారులని నేను కోరేది పెద్దదేం కాదు. డిసెంబరు 21 నుంచి 24 దాకా, సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకు, చర్చి సెంటర్ నుంచి అద్దంకి బస్టాండు వైపు ట్రంకు రోడ్డులో ఆ కాస్త ముక్కలోకి బళ్ళు రానివ్వకండి. అంబులెన్సుకి దారి ఉంచండి చాలు. సాయంత్రాలు ఖాళీగా ఉండే దగ్గరి స్కూలు గ్రౌండ్లలో పార్కింగ్ పెట్టించండి. చిన్నవాళ్ళకి సున్నంతో గీతలు గీసి, ఎవరి జాగా వాళ్ళకి చూపించండి. రెండు చోట్ల తాగునీళ్ళు, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూములు. వినాయక నిమజ్జనానికీ, దసరా ఊరేగింపులకీ మన ఊళ్ళో ట్రాఫిక్ మళ్ళిస్తూనే ఉన్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పరు, నేనూ చెప్పను. అదే పద్ధతి క్రిస్మస్‌కి కూడా పెట్టమంటున్నాను.

ఈ మేరకు ఒక అర్జీ రాశాను. చర్చి కమిటీల వాళ్ళూ, ట్రంకు రోడ్డు వ్యాపారులూ, తోపుడుబళ్ళ వాళ్ళూ కలిసి ఇస్తే ఆఫీసులో దానికి బరువు ఉంటుంది. సంతకం పెడతామన్నవాళ్ళు కామెంట్లో మీ పేట పేరు రాయండి, కాయితం నేనే తీసుకొస్తాను.