పసిపిల్లల టీచర్లకు తోడు మనిషి కావాలి

నర్సరీల్లో, ప్రీస్కూళ్లలో పనిచేసే చాలామంది టీచర్లు, ఆయాలు పని వేళల్లో మంచినీళ్లు తాగడం తగ్గించేస్తారు. మధ్యలో బాత్రూంకి వెళ్లాల్సివస్తే పిల్లల్ని చూసుకోవడానికి ఇంకొకరు ఉండరు మరి. సిబ్బంది బాగోగుల గురించి మాట్లాడే యాజమాన్యాలు ముందు ఈ సంగతి చూడాలి. ఏడాదికోసారి సన్మానం, ఒక పూట యోగా తరగతి పెడితే మాకు అభ్యంతరం లేదు. కానీ పది నిమిషాల విరామం కూడా దొరకని మనిషికి వాటివల్ల ఒరిగేది తక్కువ.

ఈ పనిలో ఒళ్లు హూనమవుతుంది. పిల్లల్ని ఎత్తుకోవాలి, దించాలి, డైపర్లు మార్చాలి, వాళ్లకోసం చేసిన బుల్లి కుర్చీల్లోనే గంటలకొద్దీ కూర్చోవాలి. నడుము పట్టేస్తుంది, గోలలో అరిచి అరిచి గొంతు బొంగురుపోతుంది. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. అది టీచర్లకూ అంటుకుంటుంది. సెలవు పెడితే జీతం కోత, లేదంటే ఆ భారమంతా తోటి టీచరు మీద. అందుకే జ్వరంతోనే పనికి వస్తారు.

మనసు మీద పడే బరువు పైకి కనిపించదు. ఇద్దరు ఏడుస్తుంటారు, ఒకడు పక్కవాణ్ణి కొరుకుతాడు, అదే సమయంలో గుమ్మం దగ్గర ఒక తల్లి నిన్న తన బిడ్డకు గీరుకుపోయిన గాయం గురించి నిలదీస్తుంటుంది. అందరికీ నవ్వు ముఖంతోనే జవాబు చెప్పాలి. లోపల ఏమున్నా పైకి ప్రశాంతంగా ఉండటం కూడా శ్రమేనని సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే చెప్పారు. పని ఒత్తిడితో ఒంట్లో, మనసులో సత్తువంతా హరించుకుపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని వృత్తికి సంబంధించిన సమస్యగా గుర్తించింది. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవడమే దానికి కారణమంది. అలాంటప్పుడు టీచరుకు ఓర్పు చాలడం లేదని నిందించడం అన్యాయం.

నష్టపోయేది పిల్లలు కూడా. ఏడాది మధ్యలో టీచరు మానేస్తే, ఆమెకు అలవాటుపడ్డ రెండేళ్ల బిడ్డ మళ్లీ మొదటిరోజులాగే ఏడుస్తుంది. జీతం పెరిగితే టీచర్లు నిలబడతారనడానికి రుజువుంది. అమెరికాలోని వర్జీనియాలో 2019లో కొందరు టీచర్లకు ఎనిమిది నెలల్లో 1,500 డాలర్ల వరకు అదనంగా ఇస్తామన్నారు. ప్రైవేటు చైల్డ్‌కేర్ కేంద్రాల్లో మానేసేవాళ్లు 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు.

ప్రాథమిక పాఠశాలల్లో అదే అర్హతతో పనిచేసేవారితో సమానంగా జీతం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి డబ్బు కావాలి. ఆ ఖర్చంతా తల్లిదండ్రుల ఫీజుల మీద వేస్తే వాళ్లు మోయలేరు, ప్రభుత్వాలు పంచుకోవాల్సిందే. అంతవరకూ ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. పెద్దవాళ్లు కూర్చోగలిగే కుర్చీలు కొనాలి. పాఠాల తయారీకి, రికార్డులు రాయడానికి పని గంటల్లోనే సమయమివ్వాలి, ఆ పని ఇంటికి మోయించకూడదు. రాత్రిపూట తల్లిదండ్రుల మెసేజ్‌లకు జవాబివ్వాలన్న టెన్షన్ లేకుండా చూడాలి. అన్నిటికన్నా ముందు, ఎవరైనా విరామానికి వెళ్లినా, సెలవు పెట్టినా ఆ తరగతిలో నిలబడేందుకు అదనంగా ఒక మనిషిని నియమించాలి. ప్రీస్కూళ్లకు అనుమతులిచ్చే అధికారులు దీన్ని షరతుగా పెట్టాలని, తనిఖీకి వెళ్లినప్పుడు గోడల రంగులతోపాటు టీచరుకు విరామం ఎప్పుడు దొరికిందో కూడా అడగాలని కోరుతున్నాం.