సుంకం తగ్గగానే సరుకు కదలదు

“వర్ధమాన దేశాలు తమలో తాము ప్రాంతీయ ఒప్పందాలు చేసుకుంటే చాలు, సంపన్న దేశాల మార్కెట్ల కోసం పాకులాడాల్సిన పనే ఉండదు” అనే సందేశం ఇప్పుడు తెగ తిరుగుతోంది. అందులోని మూడు వాదనల్లో ఒక్కటీ నిలబడదు.

సుంకాలు తగ్గితే వాణిజ్యం దానంతట అదే పెరుగుతుందన్నది మొదటి వాదన. అదే నిజమైతే దక్షిణాసియా సంగతేమిటి? అక్కడి దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన సాఫ్టాపై 2004లో సంతకాలయ్యాయి, 2006లో అది అమల్లోకి వచ్చింది. అయినా ఈ దేశాల మొత్తం వాణిజ్యంలో పరస్పర వాణిజ్యం వాటా 5 శాతం దగ్గరే తచ్చాడుతోంది. లోపం ఒప్పందంలోనే ఉంది. ప్రతి దేశమూ ఒక ‘సున్నిత జాబితా’ రాసుకుని, పొరుగుదేశం నిజంగా అమ్మగలిగిన సరుకులను చాలావరకు అందులో చేర్చి, వాటికి రాయితీ లేకుండా చేసింది. మిగిలినవాటికి సరిహద్దులో తనిఖీలు, నాణ్యత ధ్రువపత్రాలు, ఒక లారీలోంచి దించి మరో లారీలోకి ఎక్కించడాలు ఎలాగూ ఉన్నాయి. వీటన్నిటికీ మించి రాజకీయం. 2019 ఫిబ్రవరిలో పాకిస్థాన్ సరుకులపై భారత్ 200 శాతం సుంకం వేసింది. ఆగస్టులో పాకిస్థాన్ వాణిజ్యాన్నే నిలిపేసింది. ఇద్దరూ సాఫ్టా సభ్యులే! అదే ఏడాది జులైలో ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం పెట్టిన నైజీరియా, నెల తిరిగేసరికి సరుకు రవాణాకు భూ సరిహద్దులు మూసేసింది.

రెండోది మరింత ప్రమాదకరమైన వాదన: పెరిగిన వాణిజ్యమంతా లాభమేనట. చవకగా అమ్మే బయటి దేశాన్ని వదిలి, సుంకం లేదన్న ఒక్క కారణంతో ఖరీదైన పొరుగు సరుకు కొంటే లెక్కల్లో వాణిజ్యం పెరుగుతుంది, దేశానికి మాత్రం నష్టమే. దీన్ని వాణిజ్య మళ్లింపు అంటూ ఆర్థికవేత్త జాకబ్ వైనర్ 1950లోనే వివరించారు. అసలు ఉత్పత్తే లేకుండా అంకెలు ఉబ్బడమూ చూశాం. భారత్–శ్రీలంక ఒప్పందం 2000లో మొదలైంది. పామాయిల్‌పై సుంకం భారత్‌లో ఎక్కువ, శ్రీలంకలో తక్కువ. ఇంకేం, బయటి నుంచి పామాయిల్ తెప్పించి, శ్రీలంకలో వనస్పతిగా మార్చి, భారత్‌కు సుంకం లేకుండా పంపడం మొదలైంది. శ్రీలంక ఎగుమతులు ఘనంగా కనిపించాయి. భారత్ పరిమితి విధించడంతో ఆ వ్యాపారం కుంగింది.

ఇక మూడోది, ‘ఆసియాన్‌ను చూడండి’ అన్న సవాలు. చూద్దాం. ఆగ్నేయాసియా దేశాల ఆ కూటమిలో పరస్పర వాణిజ్యం వాటా నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంది, కాదనను. కానీ దాని వెనుక పెద్ద బలం, ఒకే వస్తువు విడిభాగాలను పలు దేశాల్లో తయారుచేయించే కంపెనీల సరఫరా గొలుసులు. ఒప్పందం ఇచ్చే రాయితీ రేటును చాలామంది వ్యాపారులు అసలు వాడుకోనే లేదు. అందరికీ వర్తించే సుంకమే అంతంతమాత్రంగా ఉన్నప్పుడు, సరుకు ఎక్కడ తయారైందో నిరూపించే కాగితాల కోసం తిరిగే ఖర్చు వాళ్లకు గిట్టుబాటు కాదు.