ఆ వాలు జోలికి పోకండి

మొన్న ఇక్కడ లండన్‌లో మా తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర వడ్డనకు ముందు, తెర మీద మా ఊరి కాలవ లాకుల బొమ్మ వేశారు. ఈ ఏడు సంఘం సొంతూరికి చేయబోయే మేలు అదేనట. గట్టు మీద పచ్చగడ్డి, చుట్టూ ఇనుప కంచె, దాతల పేర్లతో పాలరాతి ఫలకం. ఫలకం లేకుండా మనం ఏ మేలు చేశాం గనక! చప్పట్లు కొట్టాం. అంతలో కార్యవర్గంలో ఒకాయన, "కంచె పడితే అక్కడ సైకిళ్లు ఎగరేసే పనీపాటా లేని బ్యాచ్ పీడ కూడా వదులుతుంది" అన్నారు. హాలంతా నవ్వింది. నా పక్కనున్న మా అబ్బాయి నవ్వలేదు. వాడికి తెలుగు అంతంత మాత్రమే, ఆ మాట మాత్రం బాగానే అర్థమైంది.

శనివారం వస్తే వాడు గెంతులకు పనికొచ్చే చిన్న బీఎంఎక్స్ సైకిలు తీసుకుని సౌత్‌బ్యాంక్ పోతాడు. థేమ్స్ ఒడ్డున, క్వీన్ ఎలిజబెత్ హాల్ అనే కచేరీ భవనం కింద. 1967లో తెరిచిన ఆ హాలుకి సిమెంటు వాలులు వేసినవాళ్లు సైకిళ్ల కోసం వేయలేదు. 1970లలో స్కేట్‌బోర్డుల మీద ఆడే స్కేటర్లే వాటి ఉపయోగం కనిపెట్టారు. పైన కప్పు, కింద నున్నటి నేల, వానొచ్చినా ఆట ఆగదు. 2013లో హాలు నడిపేవాళ్లు అక్కడ దుకాణాలు పెడతాం, మీకు దగ్గర్లోనే హంగర్‌ఫర్డ్ వంతెన కింద కొత్త చోటు కట్టిస్తాం అన్నారు. స్కేటర్లు ఒప్పుకోలేదు. లక్షన్నరకు పైగా సంతకాలు పోగయ్యాయి. 2014లో ఆ ఆలోచన మానుకున్నారు. అంతకుముందు మూసేసిన భాగం కొంత 2019లో బాగుచేసి మళ్లీ తెరిచారు కూడా. కొత్తది ఇస్తామంటే ఎందుకంత మొండితనం అని మావాణ్ణి అడిగాను. "నాన్నా, ఇక్కడ ఏ మెట్టు మీంచి ఎవరు దూకారో మాకు తెలుసు" అన్నాడు.

నాకు లాకులు గుర్తొచ్చాయి. సీటు అందని వయసులో అద్దె సైకిలు తీసుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. గట్టు మీంచి దిగే ఆ రాతి వాలు కాటన్ దొర వేయించిందని చెప్పేవారు. మా వైపు పాత రాయి ఏది కనబడినా కాటన్ దొరదే! పైనుంచి బ్రేకు పట్టకుండా దిగి, కాలవకు బారెడు దూరంలో తిప్పాలి. తిప్పలేక ఒకసారి నేరుగా దిగబడ్డాను. వేసవి, కాలవలు కట్టేశారు కాబట్టి బురదే. సైకిలు కడిగి ఇచ్చినా షాపాయన చైను చూసి పసిగట్టేశాడు. ఎక్కడ తిప్పాలో పై క్లాసు అన్నయ్యలు నాకు చూపించారు, నేను నా వెనకవాళ్లకు చూపించాను.

కాలవ నిండుగా పారేటప్పుడు ప్రమాదమే, కాదనను. సాయంత్రం నడకకొచ్చే ఆడవాళ్లకు ఆ దూకుడు ఇబ్బందే. అందుకని కంచె నీళ్ల అంచున వేయించండి, వాలుకు అడ్డంగా కాదు. దయచేసి ఈ ఒక్క మార్పు చేయండి.

నా చందా కోశాధికారి గారికి ఇచ్చేశాను. ఫలకం మీద నా పేరు వద్దు. ఆ చెక్కుడు ఖర్చుతో వాలు మధ్యలో ఉన్న గుంట పూడ్పించండి. అది నా రోజుల నుంచీ ఉంది.