రెండో తరగతి గారికి ఒక అర్జీ

విజయనగరం,
ఏప్రిల్ నెలాఖరు.

మహారాజశ్రీ రెండో తరగతి గారి దివ్యసముఖానికి,

ఆటిజం ఉన్న మా అబ్బాయిని ఇంకో ఏడాది మీ దగ్గరే అట్టిపెట్టుకోవాలని ఉబలాటపడుతున్నారని తెలిసింది. సంతోషం. ఏడాది పొడుగునా వాడిని తలుపు పక్క బెంచీ చివర కూర్చోబెట్టి, పేరు పెట్టి పిలవడానికి కూడా మొహమాటపడిన మీకు, తీరా వెళ్ళిపోయే వేళకు ఇంత మమకారం పుట్టుకొస్తుందని అనుకోలేదు.

మీ ముచ్చటకు చట్టం అడ్డొచ్చింది, పాపం. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ ఆపవద్దంది. 2019లో దాన్ని సవరించినా, ఐదు, ఎనిమిది తరగతుల దగ్గరే ఆపే వీలిచ్చారు. అదైనా తప్పినవారికి రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టిన తరువాతే. తమరేమో రెండు. అందుకని ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అంటూ నన్నే అర్జీ రాసిమ్మన్నారు. కోరిక మీది, సంతకం నాది. కాదనకుండా ఇదిగో, రాస్తున్నాను.

ముందు వాడి తెలుగు పరీక్ష సంగతి. రైల్వే స్టేషను బొమ్మ ఇచ్చి అయిదు వాక్యాలు రాయమన్నారు. వాడు నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు అని గుండ్రటి అక్షరాలతో వరుసగా రాశాడు. ఇంకాస్త చోటుంటే దూసి దాటి శ్రీకాకుళం రోడ్డు దాకా వెళ్ళేవాడు. ఒక్క ఒత్తు తప్పలేదు, ఒక్క స్టేషను ముందు వెనుకలు కాలేదు. మీరు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. మా వాడు మేధావి అని దబాయించడానికి రాలేదు లెండి; ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడిలోనూ ఏదో అద్భుతం వెతికే బంధువులతో వేగలేక చస్తున్నాను. అక్షరాలు రావు అని ప్రగతి పత్రంలో రాశారే, ఆ మాట ఒక్కటి కొట్టేయమంటున్నాను.

పోనీ, ఉంచుకున్నారే అనుకుందాం. రెండోసారి ఏం చేస్తారు? అదే పుస్తకం, అదే బెంచీ, తల మీద టకటకమనే అదే ఫ్యాను. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు సాగే చదువులో, నిరుడు చెవికెక్కనిది ఈ ఏడు ఎలా ఎక్కుతుందో సెలవివ్వండి.

పైగా వాడి పక్కన ఒక అమ్మాయి కూర్చుంటుంది. గంట కొట్టే మనిషి వరండాలోకి రాగానే వాడి మోచేతిని తట్టి “ఇప్పుడు కొడతారు” అంటుంది. వాడు చెవులు మూసుకుంటాడు. గంట మోగుతుంది, ఏడుపు ఉండదు. ఆ అమ్మాయికి టీచర్లు చదివే డి.ఎడ్. లేదు, ఏ శిక్షణ తరగతులకూ వెళ్ళలేదు. జూన్‌లో ఆమె మూడో తరగతికి వెళ్ళిపోతుంది. ఆ ఖాళీలో ఎవరిని కూర్చోబెడతారు?

మా అత్తగారు మీ పక్షమే. “ఏడాది పోతే కొంప మునిగిందా అమ్మా, కాస్త ఎదుగుతాడు” అంటారు. ఆవిడ మాటలో పస లేకపోలేదు. జబ్బు చేసి సగం ఏడాది బడికి దూరమైన పిల్లవాడికి అది సాయమే. మా వాడు జ్వరమొచ్చినా బడి మానడు. వాడు ఏ తరగతిలో ఉన్నా ఆటిజం వాడితోనే ఉంటుంది. దానికి తగ్గట్టు గదిలో ఏం మారుస్తారన్నదే నా గొడవ.

అదీ నేను కల్పించింది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పిల్లవాడి అవసరాన్నిబట్టి పాఠాన్నీ పరీక్షనూ మార్చమని, పరీక్షలో అదనపు సమయం ఇమ్మని అందులోనే ఉంది. మా వాడికి బొమ్మలతో చెప్పండి, నోటితో చెప్పిన జవాబుకూ మార్కులు వేయండి, ఫ్యానుకు దూరంగా కూర్చోబెట్టండి. ఇలాంటి పిల్లల కోసమే ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. వారితో ఒక్కసారైనా మాట్లాడారా?

ఇవన్నీ రెండో ఏడాది చేస్తామని కాగితం మీద రాసి, ఈసారి మీరు సంతకం పెట్టి పంపండి, ఆలోచిస్తాను. అయితే చేయగలిగినవే అయినప్పుడు మొదటి ఏడాదే ఎందుకు చేయలేదని కూడా అడుగుతాను.

ఈలోగా మూడో తరగతి గారికి వేరే ఉత్తరం రాసుకుంటున్నాను. వారి గదిలో ఫ్యాను ఎలా తిరుగుతుందో కనుక్కోవాలి.

ఇట్లు,
ఈ ఒక్క విషయంలో తమ విధేయురాలు కాని
ఒక తల్లి