పచ్చరంగు పూశాక పార్కు ఎందుకు?

అనంతపురంలో పేదలకు అపార్ట్‌మెంట్లు కడితే మధ్యలో చెట్లు, నలుగురూ కూర్చునే చోటు, ఇంకుడు గుంత కూడా ఉండాలని కొందరు పట్టుబడుతున్నారు. ఎండకు తల వేడెక్కిన మాటలివి. లేఔట్‌లో పదో వంతు ఖాళీ వదలాలని రూలు ఉండనే ఉంది. ప్లాను తెరవండి. వంక పక్కన, కరెంటు తీగల కింద, త్రికోణంలో పచ్చరంగు పూసి ఉంటుంది. ఇల్లు పట్టని చోటును పార్కు అనక ఏమంటాం?

పట్టణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించిన టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. లోపల ఇరుకైతే బయట చోటివ్వాలంటారు. ఇరుకైతే చుట్టాలు రారు, ఆ మిగులు ఎవరూ లెక్కేయరు. షియర్‌వాల్ కట్టడం కాబట్టి గోడంతా కాంక్రీటే. దేవుడి పటానికి మేకు కొడితే మేకే వంగుతుంది. పగలు తాగిన వేడిని ఆ గోడ రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. చలికాలానికి దాచుకోలేకపోవడం ఒక్కటే లోపం.

మన పాత మట్టి మిద్దెలు మరీ ఘోరం. మందపాటి గోడలు, నెత్తిన మట్టి, వేడి బయటికి పోను గవాక్షి. ముందర కడప బండ పరిచిన అరుగు. దారిన పోయేవాడు కూడా అడక్కుండా దాని మీద కూలబడేవాడు. మెయింటెనెన్స్ చార్జీ వసూలు చేయాలని ఒక్క పెద్దమనిషికైనా తోచిందా?

ఇక ఇంకుడు గుంత. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే జిల్లా ఇది, అదీ నాలుగు గట్టి వానల్లో. మురుగు కాలువలోకి తోలేస్తే పీడా పోతుంది. వేసవిలో ట్యాంకరు ఎలాగూ వస్తుంది. నాలుగు అంతస్తుల వాళ్లూ బిందెలతో దిగి ఒకరి వంశం ఒకరు తెలుసుకునేది అక్కడే. ఆర్కిటెక్టు గీయకుండానే ఏర్పడే ఉమ్మడి స్థలం!

చెట్ల విషయంలో మాత్రం నేను పట్టువిడుపులున్న మనిషిని. నాటండి, కానీ వేప, కానుగ వద్దు. మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే చాలు, తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. ఏటా బిల్లు పెట్టనివ్వని చెట్టుతో ఎవరికి లాభం? లాన్ వేయండి. రోజూ నీళ్లు తాగుతుంది, కోతకు టెండరు పిలవచ్చు. పిల్లలు తొక్కకుండా గేటుకు తాళం వేయండి. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేల్చడానికి కమిటీ కావాలి. అధ్యక్షుడిగా నాకు అభ్యంతరం లేదు.