పదో తరగతి పాసైన వెల్డరు ఎవరికీ పట్టడా?

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు మన టీవీల్లో రోజుల తరబడి చర్చలు నడిచాయి. నడవవలసిందే. అయితే ఆ రుసుము కట్టవలసింది కంపెనీ. అక్కడ ఉద్యోగం ఊడినా కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి 60 రోజుల గడువుంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, కవిటి నుంచి గల్ఫ్‌కు వెళ్లే పైపు వెల్డరుకూ వీసా ఇప్పించేది యజమానే. ఖర్చు మాత్రం వెల్డరు నెత్తిన పడుతుంది. ఇంటి దగ్గర అప్పు మీద వడ్డీ పెరుగుతుంటుంది, అక్కడ ఇకామా, అంటే నివాస అనుమతి, యజమాని చేతిలో ఉంటుంది. ఇలా రెండు వైపులా కట్టిపడేస్తే ఎంత పనిమంతుడైనా జీతం గురించి నోరెత్తలేడు.

నిబంధన ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయకూడదు. ఉద్దానంలో ఈ అంకె చెప్పి చూడండి, నవ్వుతారు. ఊళ్లోకి వచ్చేది సబ్ ఏజెంటు. లైసెన్సు ఎక్కడో ముంబయిలో ఉంటుంది, అదీ ఉంటే.

అసలు వింత మన దేశపు నిబంధనల్లోనే ఉంది. పదో తరగతి పాసవని వ్యక్తి గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి వలస అనుమతి పొందాలి. అతడి ఒప్పందం ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, 10 లక్షల రూపాయల బీమా ఉండాలి. పదో తరగతి పాసై, ఐటీఐలో రెండేళ్లు ఫిట్టరు పని నేర్చుకున్నవాడికీ, ఆర్గాన్ వెల్డింగులో కష్టమైన 6జీ పైపు టెస్టు నెగ్గినవాడికీ ఇవేవీ తప్పనిసరి కావు. చదువుకున్నాడు కాబట్టి తన సంగతి తాను చూసుకోగలడన్నది 1983 నాటి వలస చట్టం లెక్క. పదో తరగతి మార్కుల జాబితా ఉన్నంత మాత్రాన అరబిక్ కాగితం చదవగలడా? చేతికొచ్చినది కంపెనీ వీసానో, విజిట్ వీసానో విమానం దిగాకగానీ తెలియని కుర్రాళ్లలో పదో తరగతి పాసైనవాళ్లు లేరా? నైపుణ్యం పెరిగే కొద్దీ రక్షణ తగ్గే చట్టం ఇది.

దీన్ని మార్చలేమా అంటే, ఒకసారి మార్చారు కూడా. విదేశాల్లో మోసాలు బయటపడ్డాక 2015లో నర్సులకు, చదువుతో నిమిత్తం లేకుండా, ఈ అనుమతిని తప్పనిసరి చేశారు. 2018 నవంబరులో ఇంకో అడుగు వేయబోయారు. వలస అనుమతి అవసరం లేని పాసుపోర్టు ఉన్నవారు కూడా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు నమోదు చేసుకోవాలన్నారు. కొత్త సంవత్సరం రాకముందే ఆ ఆదేశాన్ని పక్కన పెట్టేశారు. కోటు వేసుకుని దుబాయ్ వెళ్లేవాడికి అది చికాకే కావచ్చు, వెల్డరుకు మాత్రం అదే అండ.

యజమానుల వాదన ఒకటుంది. వీసాకూ టికెట్టుకూ పెట్టుబడి పెట్టి తెచ్చుకున్న మనిషి మధ్యలో వేరే కంపెనీకి వెళ్లిపోతే తమ గతేమిటని. పెట్టుబడి నిజంగా వాళ్లదే అయితే ఆలోచించవచ్చు. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2022లో ప్రపంచ కప్పు జరగకుండా ఆగిందా?

వీళ్లు ఇంత దూరం ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్న ఉత్తరాంధ్ర నాయకులకు ఇబ్బందికరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. విజయనగరం జ్యూట్ మిల్లులు మూతపడ్డ కథ అందరికీ తెలిసిందే. మత్స్యకారులు గుజరాత్ వెరావల్ వెళ్లి పడవలెక్కుతారు, అక్కడి నుంచి కొందరు సముద్రంలో పట్టుబడి పాకిస్తాన్ జైలు దాకా వెళ్లి 2020 జనవరిలో తిరిగి వచ్చారు. ఇక్కడ మాత్రం వేదికల మీద భోగాపురం విమానాశ్రయం మాట వినిపిస్తూ ఉంటుంది. 2019లో ఒకరు, 2023లో మరొకరు శంకుస్థాపన చేశారు కదా, ఎవరి ఘనత వారిది. వలస వెళ్లేవాడికి విశాఖ దాకా వెళ్లే బస్సు ఖర్చు మిగలడమే అభివృద్ధి అనుకుంటే నేను చెప్పేదేమీ లేదు.

రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సొంత నియామక సంస్థ ఉంది. అది శ్రీకాకుళం, విజయనగరం ఐటీఐలలోనే ట్రేడ్ టెస్టులు, అంటే పనితనం పరీక్షలు, పెట్టించి, ఖర్చు స్పాన్సరే భరిస్తాడని రాసిచ్చిన కంపెనీలకే మనుషులను పంపాలి. నర్సులకు 2015లో ఇచ్చిన రక్షణను వెల్డరు, ఫిట్టరు, బరువులెత్తే రిగ్గర్లకూ వర్తింపజేయమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.