నోరు కదపకుండా కూర్చుంటే దవడ ఇంకా బిగుసుకుంటుంది

"జ్ఞానదంతం తీయించుకున్నాక వారం రోజులు నోరు తెరవకండి. మొదటి రోజు నుంచే వేడి కాపడం పెట్టండి. నొప్పి ఓర్చుకోలేనప్పుడే మాత్ర వేసుకోండి. దవడ పట్టేసిందంటే ఇన్ఫెక్షన్ వచ్చినట్టే." ఈ మెసేజ్ నాకు ఇప్పటికి నలుగురు పంపారు. దీన్ని నమ్మి ఇబ్బందిపడ్డాను కాబట్టి చెబుతున్నా, ఇందులో ఒక్క మాట కూడా నమ్మకండి.

ముందు దవడ సంగతి. ఆపరేషన్ ఒత్తిడికి, ఒక్కోసారి మత్తు సూది గుచ్చుకున్నందుకు, నమిలే కండరాలు వాచి బిగుసుకుంటాయి. చాలామందికి జరిగేది ఇదే, ఇన్ఫెక్షన్ కాదు. మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి కదా, మూడో రోజు నాకు ఒక్క వేలే పట్టింది, చిన్న చెంచా పెట్టినా పళ్లకి తగిలేది. భయపడి ఇంకా గట్టిగా మూసుకుని కూర్చున్నాను, అదే తప్పు. మొదటి రెండు మూడు రోజులు బలవంతం చేయకూడదు, నిజమే. ఆ తర్వాత మాత్రం మెల్లగా తెరిచి, కొన్ని సెకన్లు ఆపి, మూయాలి, అలా రోజుకి చాలాసార్లు. లాగినట్టు అనిపిస్తే పర్లేదు, పొడిచినట్టు ఉంటే అక్కడే ఆపేయండి. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో వదులవుతుంది.

వేడి కాపడం మొదటి రోజే పెడితే వాపు, రక్తం కారడం పెరగొచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు ఐసు గుడ్డలో చుట్టి చెంప మీద 15-20 నిమిషాలు పెట్టి, కాసేపు ఆపి, మళ్లీ పెట్టండి. వేడి 48 గంటల తర్వాతే. రెండు మూడు రోజుల వరకు వాపు పెరగడం మామూలే, టెన్షన్ వద్దు.

మాత్ర విషయంలో ఓర్పు పనికిరాదు. మత్తు పూర్తిగా దిగకముందే మొదటి డోసు పడాలి, ఎందుకంటే ముదిరిన నొప్పిని తగ్గించడం కష్టం. ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ రెండూ కలిపితే విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయి, కానీ అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు.

అసలు భయపడాల్సినవి ఆ మెసేజ్‌లో లేనే లేవు. తగ్గుతున్న నొప్పి మూడు నాలుగు రోజులకి ఒక్కసారిగా చెవి దాకా లాగి, నోరు దుర్వాసన వస్తుంటే అది డ్రై సాకెట్ కావచ్చు, అంటే పన్ను తీసిన గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడటం. సిగరెట్ వల్ల ఆ ముప్పు పెరుగుతుంది. జ్వరం, చీము, మూడో రోజు తర్వాత కూడా పెరిగే వాపు ఉంటే ఆ రోజే డెంటిస్టుకి చూపించుకోండి. మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.